పోయింది రాబట్టుకోవడానికి అప్పా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. జీతం చేతికి లక్షా 35 వేలు, ఖర్చులు 85 వేలు. షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో 6 లక్షలు పోయాయి. బ్యాంకు యాప్‌లో 14 శాతానికి 5 లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉంది. నాలుగేళ్ల గడువు. తీసుకుని పోయింది రాబట్టుకోవచ్చా? అత్యవసరానికి ఇంటి అడ్వాన్స్ 2 లక్షలు ఉంది.

జవాబు: వద్దండి. ఆ లోన్ జోలికే వెళ్లకండి. నెలకు 13,600కు పైగా ఈఎంఐ కడుతూ ఆడే ఆట అది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది.

నష్టంలో ఉన్నప్పుడే మనిషికి తెగింపు ఎక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979 నాటి వ్యాసంలో ఇలా అడిగారు: 3,000 ఇజ్రాయెల్ పౌండ్లు ఖాయంగా వదులుకుంటారా, 4,000 పోయే అవకాశం 80 శాతం ఉన్న పందెం కాస్తారా? అప్పట్లో 3,000 అంటే ఇజ్రాయెల్‌లో మామూలు కుటుంబం నెల ఆదాయం. పందెంలో సగటు నష్టం 3,200. అయినా నూటికి 92 మంది పందేనికే మొగ్గారు. అదే లాభం గురించి అడిగితే 80 మంది ఖాయంగా వచ్చే 3,000 చాలన్నారు. మనస్తత్వశాస్త్రం చదివిన కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ తెచ్చింది ఇలాంటి పనే. ట్వెర్‌స్కీ 1996లోనే పోయారు. ఉండుంటే ఇద్దరికీ వచ్చేదని నా నమ్మకం.

అసలు నాకు టెన్షన్ పెట్టింది ఆ 2 లక్షల మాట. ఇంటి అడ్వాన్స్ ఎమర్జెన్సీ ఫండ్ ఎలా అవుతుంది? ఇల్లు ఖాళీ చేస్తేనే కదా ఓనర్ ఇచ్చేది! అందులోనూ పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఉద్యోగం పోయిన నెలలో ఇల్లు కూడా ఖాళీ చేస్తారా?

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 5 లక్షల 10 వేలు కావాలి. నెలకు మిగిలే 50 వేలు పక్కన పెడితే పదకొండు నెలల్లోపే చేతిలో ఉంటుంది. కానెమన్ ఇరవై ఒక్క ఏళ్ల వయసులో ఇజ్రాయెల్ సైన్యంలో ఉన్నప్పుడు, రిక్రూట్లను చూడగానే కలిగే అభిప్రాయంతో తూచకుండా ఒక్కో గుణానికి విడిగా మార్కులు వేసే పద్ధతి పెట్టారు. మీరూ మనసుకు వదలకండి. జీతం పడిన మర్నాడే ఆ 50 వేలు వేరే బ్యాంకు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లోకి పోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఆ ఖాతాను ట్రేడింగ్ యాప్‌కు లింక్ చేయొద్దు.

మిగిలిన షేర్లుంటే ఉండనివ్వండి. కంపెనీ హెల్త్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. ముందు మాత్రం ఇంట్లో మీ ఆవిడకు ఆ 6 లక్షల సంగతి చెప్పండి, చెప్పకపోయి ఉంటే.