టెక్ సందేహాలు: పార్సిల్ వెళ్లాక డబ్బూ వెళ్లిపోతే?

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో నా పాత కెమెరా, రెండు లెన్సులు అమ్మాను. పాట గెలిచిన వ్యక్తి పది నిమిషాల్లోనే క్రెడిట్ కార్డుతో డబ్బు కట్టేశాడు. తర్వాత 'ఇది కానుకగా ఇవ్వాలి, మా బంధువుల చిరునామాకు పంపండి' అని మెసేజ్ పెట్టాడు. అక్కడికే పంపాను. అందినట్లు ట్రాకింగ్‌లో కూడా ఉంది. ఏడు వారాల తర్వాత, ఆ చెల్లింపు తాను చేయలేదని కార్డు యజమాని ఫిర్యాదు చేశారంటూ నా ఖాతాలోంచి మొత్తం డబ్బు వెనక్కి తీసేసుకున్నారు. పైగా రుసుము వేశారు. 'అప్రూవ్డ్' అని వచ్చాకే కదా నేను పంపింది! ఎక్కడ పొరపాటు చేశాను?

జవాబు: మీకు జరిగినదాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. కెమెరా పోయింది, డబ్బూ పోయింది, మీదనుంచి రుసుము. మీ బాధ అర్థమవుతోంది. 'అప్రూవ్డ్' అన్న మాటను దాదాపు అందరూ మీలాగే అర్థం చేసుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆ మాటతో బ్యాంకు చెప్పేది కొంచెమే. ఆ నంబరుతో కార్డు ఉంది, గడువు తీరలేదు, అంత మొత్తానికి లిమిట్ ఉంది, కార్డు పోయిందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అంతే. కడుతున్నది కార్డు యజమానేనా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. కార్డు వివరాలు కొట్టేసినవాడు కట్టినా, అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసుకునేదాకా ఆ కార్డు బ్యాంకు దృష్టిలో మంచి కార్డే. చూసుకున్నాక ఆయన తన బ్యాంకుకు చెబుతారు, ఆ బ్యాంకు వీసా లేదా మాస్టర్‌కార్డ్ ద్వారా మీ పేమెంట్ సంస్థ బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి తీసుకుంటుంది, వాళ్లు మీ దగ్గర పట్టుకుంటారు. ఇలా మోసం జరిగిందని చెప్పడానికి ఆ రెండు నెట్‌వర్క్‌ల నిబంధనల్లో సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. మీకు ఏడు వారాలకే తెలిసింది, మూడు నెలలు దాటాక తెలిసినవాళ్లూ ఉన్నారు. అన్నట్టు, ఆ యజమాని మీద కోపం పెట్టుకోకండి. ఆయన కూడా దొంగ చేతిలో దెబ్బ తిన్నవారే.

మీ విషయంలో అసలు దెబ్బ పడింది చిరునామా దగ్గర. పార్సిల్ ఏదో ఒక గుమ్మానికి చేరిందని ట్రాకింగ్ రుజువు చేస్తుంది. కానీ ఆర్డర్‌లో ఉన్న చిరునామాకు పంపారా అన్నదే వేలం సైటు, పేమెంట్ సంస్థ ముందుగా చూస్తాయి. ఈబే అనే వేలం సైటు, పేపాల్ అనే పేమెంట్ సంస్థ ఇలాంటి నష్టం నుంచి అమ్మకందారుకు ఇచ్చే రక్షణలో ఇదే మొదటి షరతు. ఆర్డర్ వివరాల్లో కనిపించే చిరునామాకే పంపాలి. వస్తువు ఖరీదు 750 డాలర్లు, ఆపైన అయితే అందుకున్నవారి సంతకం కూడా ఉండాలి. డబ్బు కట్టాక మెసేజ్‌లో వచ్చే కొత్త చిరునామాకు పంపిన క్షణాన ఆ రక్షణ పోతుంది. ఇది దొంగకు బాగా తెలుసు.

ఇకమీద ఎవరైనా చిరునామా మార్చమంటే ఆర్డర్ రద్దు చేసి, డబ్బు అదే కార్డుకు తిప్పి పంపి, సరైన చిరునామాతో మళ్లీ కొనమని చెప్పండి. నిజంగా కొనేవారికి అది అయిదు నిమిషాల పని. దానికి ఒప్పుకోనివారికి అమ్మకపోవడమే మేలు.

ఇప్పుడు చేయగలిగింది: వివాదానికి జవాబివ్వడానికి పేమెంట్ సంస్థ పెట్టిన గడువు దాటనివ్వకండి. వేలం పేజీ, కొన్నవాడి మెసేజ్‌లు, చిరునామా మార్చమన్న మెసేజ్, కొరియర్ రసీదు అన్నీ జతచేయండి. గెలిచే అవకాశం తక్కువేనని ముందే చెబుతున్నాను, అయినా జవాబివ్వకపోతే ఓటమి ఖాయం. పోలీసు ఫిర్యాదు తప్పకుండా ఇవ్వండి. సరుకు చేరిన చిరునామా వాళ్లకు పనికొచ్చే ఆధారం. మీరు మాత్రం అక్కడికి వెళ్లకండి. చాలాసార్లు ఆ ఇంట్లో ఉండేది పార్సిళ్లు అందుకుని ఇంకో చోటికి పంపే 'ఉద్యోగం'లో చేరి మోసపోయిన మనిషి.

ప్రశ్న: కొనేవారు నిజమైన యజమాని అని తేల్చుకోవడానికి కార్డు ఫోటో పంపమని అడగవచ్చా? కార్డు నంబరు సరైనదో కాదో చూసే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయట.

జవాబు: రెండూ వద్దు. ఫోటో అడిగితే మంచి కొనుగోలుదారు భయపడి వెళ్లిపోతాడు. దొంగ దగ్గర మార్చిన ఫోటో సిద్ధంగా ఉంటుంది. ఇక నిజమైన కార్డు ఫోటోలు మీ ఫోన్‌లో ఉండి, ఆ ఫోన్ ఎవరి చేతిలోనైనా పడితే ఆ పాపం మీకు చుట్టుకుంటుంది. కార్డు వెనక ఉండే 3 అంకెల సీవీవీని చెల్లింపు పూర్తయ్యాక ఎవరూ దాచుకోకూడదని కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణాలు గట్టిగా చెబుతున్నాయి.

నంబరు చూసే సైట్లు వాడేది లూన్ సూత్రం. ఐబీఎంలో పనిచేసిన హన్స్ పీటర్ లూన్‌కు 1960లో దానిపై పేటెంట్ వచ్చింది. అంకెలు టైపు చేయడంలో పొరపాటు పడితే పట్టుకోవడానికి పుట్టిన లెక్క అది. దొంగిలించిన కార్డు నంబరు ఆ పరీక్షలో హాయిగా నెగ్గుతుంది.

మీ సొంత సైటులో వేలం పెట్టి, కార్డు చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే సేవ వాడుతుంటే అందులో 3డీ సెక్యూర్ అనే సదుపాయం ఆన్ చేసుకోండి. నా మటుకు అమ్మకందారు చేతిలో ఉన్న ఆయుధాల్లో ఇంత బలమైనది ఇంకోటి లేదు. కట్టేటప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకే ఓటీపీతోనో, తన యాప్‌లోనో యజమానిని అడిగి నిర్ధారించుకుంటుంది. వీసా దీన్ని 2001లో మొదలుపెట్టింది, ఫోన్లకు అనువైన కొత్త రూపం నిర్దేశాలు 2016లో వచ్చాయి. అలా నిర్ధారణ అయిన చెల్లింపు మీద తర్వాత 'ఇది నేను చేయలేదు' అన్న ఫిర్యాదు వస్తే, నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుదే. అయితే సెట్టింగ్ ఆన్ చేసి వదిలేయకండి. ప్రతి లావాదేవీ వివరాల్లో నిర్ధారణ జరిగిందో లేదో కనిపిస్తుంది, పెద్ద మొత్తమైతే అది చూశాకే పార్సిల్ కట్టండి. 'వస్తువు చెప్పినట్టు లేదు' అన్న ఫిర్యాదుకు మాత్రం ఇది అడ్డురాదు.

బిల్లు చిరునామాను సరిచూసే ఏవీఎస్ అనే పద్ధతి కూడా ఉంది. అది ఇంటి నంబరు, పిన్‌కోడ్ లాంటి అంకెలనే పోలుస్తుంది, ప్రధానంగా అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకే పనిచేస్తుంది. మిగతా దేశాల కార్డులకు దాన్ని నమ్ముకోలేం.

ప్రశ్న: కొన్నవారు పొరపాటున ఎక్కువ కట్టారట. తేడా సొమ్ము వాళ్ల రవాణా ఏజెంటు ఖాతాకు పంపమంటున్నారు.

జవాబు: ఒక్క పైసా పంపకండి. ఇది పాత ఎత్తు. వచ్చిన మొత్తం కొట్టేసిన కార్డుది, అదంతా తర్వాత వెనక్కి పోతుంది. మీరు పంపిన తేడా మాత్రం తిరిగి రాదు. ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే, రిఫండ్ బటన్ ద్వారానే, పూర్తిగా తిప్పి పంపండి.

ప్రశ్న: 'డబ్బు మా దగ్గర ఉంది, ట్రాకింగ్ నంబర్ ఇస్తే మీ ఖాతాలో వేస్తాం' అని పేమెంట్ సంస్థ పేరుతో మెయిల్ వచ్చింది. నమ్మొచ్చా?

జవాబు: అందులోని లింకు నొక్కకుండా, సైటు చిరునామా మీరే టైపు చేసి లాగిన్ అవ్వండి. ఖాతాలో ఆ చెల్లింపు కనిపించకపోతే మెయిల్ నకిలీది.

ప్రశ్న: వంద పైగా మంచి రేటింగులున్న పాత ఖాతా నుంచే నా ఫోన్లు మూడూ ఒకేసారి కొన్నారు. ఇంకా అనుమానపడాలా?

జవాబు: పడాలి. ఆ రేటింగులు సంపాదించిన మనిషి, ఇప్పుడు ఆ ఖాతా వాడుతున్న మనిషి ఒకరే కావాలని లేదు. పాస్‌వర్డు కొట్టేసిన దొంగలకు కావలసింది ఇలాంటి పాత ఖాతాలే. పాత రేటింగులు దేనికి వచ్చాయో తెరిచి చూడండి. ఏళ్ల తరబడి పుస్తకాలు, నాణేలు కొన్న ఖాతా కొన్ని నెలలు మౌనంగా ఉండి, హఠాత్తుగా మూడు ఫోన్లు కొని 'ఈ రోజే పంపండి' అని తొందరపెడితే ఆగండి. ఫోన్లు, గేమ్ కన్సోళ్లు, గిఫ్టు కార్డులు వెంటనే నగదుగా మారతాయి కాబట్టి దొంగ చూపు వాటి మీదే ఉంటుంది.

పంపడానికి ఒకటి రెండు రోజుల గడువుందని వేలం పేజీలో ముందే రాసుకుంటే ఆరా తీయడానికి సమయం దొరుకుతుంది. అనుమానం తీరకపోతే వేలం సైటు సహాయ విభాగానికి చెప్పండి, ఖాతా చేతులు మారిందేమో వాళ్లే పరిశీలించగలరు. పంపాలనే నిర్ణయించుకుంటే ప్రతి ఫోన్ ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కనబడేలా ఫోటో తీసి, పెట్టె మూసేదాకా వీడియో తీసి, బరువు రాసిన కొరియర్ రసీదు దాచండి. 'ఇంటికొచ్చి తీసుకెళ్తాను, కార్డుతో ఇప్పుడే కట్టేస్తాను' అంటే ఒప్పుకోకండి. చేతికిచ్చిన వస్తువుకు ట్రాకింగ్ ఉండదు, రేపు వివాదం వస్తే చూపించడానికి మీ దగ్గర కాగితం ముక్క కూడా మిగలదు. వచ్చి తీసుకెళ్లేవారు అక్కడికక్కడ నగదు ఇవ్వాలి. లేదా వేలం సైటు ఇచ్చే అందజేత కోడ్‌ను మీ ఎదురుగా చూపించాలి.