పాప బడికెళ్లాక నీ సంగతేంటి, చెల్లీ?

పర్లాకిమిడి నుంచి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను చెల్లీ. ఆగస్టులో డాలస్ వెళ్తున్నారు, పాపకు జూన్‌లో ఐదేళ్లు నిండుతాయి, ఇంగ్లీషు ముక్క రాదు, ఇప్పటి నుంచే ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెట్టమంటావా అక్కా అని అడిగావు. వద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే నేను చేసిన పని నీకు చెప్పాలి.

మాదీ ఒడిశాయే, బరంపురం. 2011 సెప్టెంబరులో మా వాడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో కిండర్‌గార్టెన్‌లో చేరాడు. మేం అక్కడికి వెళ్లి అప్పటికి నాలుగు నెలలే. ఆ వేసవంతా ఇంట్లో తెలుగు ఆపేశాను. వాడు 'నీళ్లు' అంటే ఇచ్చేదాన్ని కాదు, 'వాటర్' అంటేనే గ్లాసు చేతికిచ్చేదాన్ని. నాకు వచ్చింది పుస్తకాల ఇంగ్లీషు. అందులో కోప్పడగలను గానీ వాణ్ణి ముద్దు చేయలేను. బడి తెరిచేనాటికి వాడికి ఇంగ్లీషు రాలేదు సరికదా, తెలుగు మాటలు కూడా తగ్గిపోయాయి. ఏమడిగినా తల ఊపేవాడు. ఐదేళ్ల పిల్లవాడు ఇంట్లో తల ఊపి సమాధానం చెప్తుంటే చూడటం ఎలా ఉంటుందో నీకు తెలియాల్సిన పరిస్థితి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అంతటితో ఆగలేదు. బళ్లో చేర్చేటప్పుడు ఒక ఫారం ఇస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అందులో ఉంటుంది. తెలుగు అని రాస్తే వాణ్ణి వెనకబడ్డ పిల్లల్లో వేస్తారేమోనని భయపడి ఇంగ్లీషు అని రాశాను. ఆ ఫారం చూసే కదా, ఇంగ్లీషు కొత్తయిన పిల్లలకు విడిగా సాయం చేసే టీచరు దగ్గరికి పంపేది! మా వాడికి ఆ సాయం దొరక్క నవంబరు దాకా గడిచింది. నువ్వు మాత్రం తెలుగు అనే రాయి. మీ ఇంట్లో ఒడియా కూడా మాట్లాడితే అదీ రాయి.

రెండో వారంలో ఒక రోజు వాడి బ్యాగులో ముడివేసిన ప్లాస్టిక్ కవరు వచ్చింది. విప్పితే తడిసిన నిక్కరు, లోపలి బట్టలు. ఒంటి మీద ఎవరిదో పెద్ద సైజు ప్యాంటు, రెండు మడతలు పెట్టి ఉంది. బాత్‌రూమ్‌కి వెళ్తానని ఎలా అడగాలో వాడికి తెలియదు. రంగులన్నీ నేర్పాను, వంద దాకా అంకెలు నేర్పాను, ఆ ఒక్క మాట నేర్పలేదు. ఆ ప్యాంటు ఉతికి ఇస్త్రీ చేసి తిరిగి పంపుతూ చాలాసేపు ఏడ్చాను.

ఎందుకంటే నా మొదటి రోజు నాకు గుర్తొచ్చింది. మన వైపు పిల్లలకు ఇదేమైనా కొత్తా? ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నన్ను బరంపురంలో ఒడియా బడికి పంపే ముందు మా నాన్నమ్మ గడప మీద కూర్చోబెట్టి రెండే మాటలు నేర్పింది. దాహమేస్తే 'పాణి పిఇబి' అను, ఇంటికి రావాలనిపిస్తే 'ఘరకు జిబి' అను, అంతే. ఆ రెండింటితోనే మొదటి నెల నెగ్గుకొచ్చాను. ఏడాది తిరిగేసరికి వీధిలో ఒడియాలో పోట్లాడేదాన్ని. ఇంట్లో మాత్రం ఎవరూ తెలుగు మానలేదు. బడి చదువు లేని మా నాన్నమ్మకు తెలిసిన సంగతి, డిగ్రీ చదివి నేను మరిచిపోయాను. మీ పర్లాకిమిడిలోనే కదా గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని వాచకాలు రాసింది! ఆ ఊరి పిల్లవు నువ్వు, ఇంట్లో తెలుగు ఆపేయాలా అని నన్ను అడగొచ్చా చెప్పు.

కాబట్టి పాపకు నాలుగైదు మాటలు చాలు. బాత్‌రూమ్‌కి వెళ్లాలి, నీళ్లు కావాలి, కడుపులో నొప్పిగా ఉంది, ఈ మూత తీసిపెట్టండి, నా పేరు ఫలానా. ఇవి మాత్రం ఇంగ్లీషులో నిద్రలో లేపినా చెప్పేలా చెయ్యి. మిగతాది తోటి పిల్లలు నేర్పుతారు. మొదట్లో కొన్ని నెలలు బళ్లో నోరు తెరవకపోవచ్చు, వింటూ ఉంటుంది. అప్పుడు కంగారుపడి డాక్టర్ల చుట్టూ తిరగకు.

మూత అన్నాను కాబట్టి అదీ చెప్తాను. బడా బజార్‌లో కొన్న స్టీలు క్యారియర్ ఎంతో ముచ్చటపడి పట్టుకెళ్లాను. అందులో పప్పన్నం కలిపి నెయ్యి వేసి పంపేదాన్ని. మూడు రోజులు వరసగా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. నచ్చలేదేమో అనుకున్నాను. నాలుగో రోజు వాడి చేతికిచ్చి తీయమన్నాను. రెండు మోకాళ్ల మధ్య బిగించి, మొహం ఎర్రబడేలా లాగాడు, రాలేదు. ఇరవై నిమిషాల భోజనం టైమంతా పిల్లవాడు ఆ మూతతోనే గడిపాడన్నమాట. నువ్వు ఏ డబ్బా కొన్నా సరే, కొట్లోనే పాప చేత తీయించి, పెట్టించి, అప్పుడు కొను. వేరుశెనగ వేసిన చట్నీలు, పొడులు పంపే ముందు బడివాళ్లని అడుగు, వేరే పిల్లలకు అలర్జీ ఉంటుంది.

రూల్స్ సంగతి నువ్వు ఎక్కువ టెన్షన్ పడుతున్నావు. ఈ కాలం వాళ్లకు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి, అక్కడి సర్కారు బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో చూసుకో. డాలస్ ఉన్న టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండాలి, మీ పాపకు నిండుతాయి. సర్కారు బడికి ఫీజు లేదు, కానీ మీరు అద్దెకు తీసుకున్న ఇంటిని బట్టే ఏ బడి అన్నది తేలుతుంది. టీకాల కార్డు జాగ్రత్తగా పట్టుకెళ్లు. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ టీకాలు మన ప్రభుత్వం ఉచితంగా వేసేవాటిలో ఉండవు, అక్కడ అడుగుతారు. ఇక కిండర్‌గార్టెన్ అంటే మన యూకేజీ లాంటిదనుకుని రోజూ కాపీ రాయించకు. కార్పెట్ మీద కూర్చోబెట్టి కథ చదువుతారు, వరసలో నిలబడటం, వంతు కోసం ఆగడం నేర్పుతారు. పాప స్వెట్టర్ తానే వేసుకోగలిగితే మా వాడి కంటే ముందున్నట్టే.

పాప సర్దుకుంటుంది. నాకు దిగులంతా నీ గురించే. నువ్వు రాసినదాంట్లో నీ గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

పొద్దున ఎనిమిదీ నలభైకి పసుపుపచ్చ బడి బస్సు వచ్చేది. వాడు మెట్లు ఎక్కేవాడు, తలుపు మూసుకునేది. ఆ తర్వాత సాయంత్రం ఏడింటికి మా వారు వచ్చేదాకా ఇంట్లో పెద్దవాళ్ల మాట అనేది ఉండదు. నాకున్న వీసాతో ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలయ్యే చప్పుడు తెలిసిపోయేది. అమ్మకు ఫోన్ చేసేదాన్ని. బరంపురంలో అప్పుడు సాయంత్రం ఆరు దాటేది, దీపం పెట్టే వేళ. పక్కింటివాళ్ల మాటలు, సైకిల్ బెల్లులు, గుడి గంట అన్నీ ఫోన్‌లో వినపడేవి. బాగున్నానని చెప్పి పెట్టేసేదాన్ని. మన ఊళ్లో పిల్లను బడి దగ్గర దింపి వస్తుంటే దారిలో నలుగురు ఆపి పలకరిస్తారు. అమెరికాలో నీకు నువ్వుగా వెళ్లి పలకరిస్తే తప్ప ఎవరూ ఆగరు. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు బోలెడుమంది, అక్కా, నాకేం కాదు అంటావేమో. ఉంటారు. ఎవరి తలుపు వాళ్లు వేసుకునే ఉంటారు.

బస్‌స్టాప్‌లో నా పక్కనే ఒక మెక్సికో అమ్మ రోజూ నిలబడేది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. ఐదు నెలలు ఒకరినొకరు చూసి నవ్వుకున్నామే గానీ మాట్లాడలేదు. ఫిబ్రవరిలో మంచు పడి బస్సు ఆలస్యమైన రోజు, ఫ్లాస్కులో ఉన్న టీ మూతలో పోసి ఆవిడ చేతికిచ్చాను. అంతే. ఆ వారంలోనే ఆవిడ నన్ను బడి లైబ్రరీకి తీసుకెళ్లింది. పుస్తకాలు అరల్లో సర్దడానికి తల్లులు వారానికి రెండు గంటలు వెళ్తారట, జీతం లేని పని. ఒక ఫారం నింపాను, వాళ్లు వివరాలు చూసుకుని రమ్మన్నారు. పుస్తకాలు సర్దుతూనే నా ఇంగ్లీషు కుదిరింది, అక్కడే పరిచయమైనావిడ నాకు కారు నేర్పింది. ఇప్పుడు మా ఊళ్లో కొత్తగా దిగిన తెలుగు తల్లులను మొదటి వారం బడికి తీసుకెళ్లేది నేనే. మా వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు, ఇంటికి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతాడు.

నువ్వు ఐదు నెలలు ఆగకు. మొదటి వారమే పేరు అడుగు. మీ వారి చేత ఇప్పుడే ఒక మాట తీసుకో, శనివారాలు నీకు డ్రైవింగ్ నేర్పాలని. సూట్‌కేసులో కిలోలకొద్దీ పచ్చళ్లు తగ్గించి, పాపకు తెలుగు కథల పుస్తకాలు నాలుగు పెట్టుకో.

బడి తెరిచిన రోజు పాప బస్సెక్కగానే నాకు ఫోన్ చెయ్యి. డాలస్‌లో నీకు ఎనిమిదైతే పెన్సిల్వేనియాలో నాకు తొమ్మిది. ఆ టైముకి నేనూ ఒక్కదాన్నే ఉంటాను.