యాక్చువేరియల్ సైన్స్ చదవాలా, స్టాటిస్టిక్స్ చదవాలా? ఉద్యోగానికి ముందు ఎన్ని పేపర్లు రాయాలి?

మీరు అడిగినవి మూడు: డిగ్రీలో యాక్చువేరియల్ సైన్సే తీసుకోవాలా లేక స్టాటిస్టిక్స్ సరిపోతుందా, ఉద్యోగంలో చేరేలోపు ఎన్ని పేపర్లు పూర్తిచేయాలి, చేరాక పని నిజంగా ఎలా ఉంటుంది. యాక్చువేరియల్ సైన్స్ అంటే బీమా, పెన్షన్లలో రిస్కును గణితంతో లెక్కకట్టే శాస్త్రం, ఆ పని చేసేవాళ్లే యాక్చువరీలు. నేను అందులోనే డిగ్రీ చేసి, జనరల్ ఇన్సూరెన్స్‌లో (వాహనాలు, ఇళ్ల లాంటి జీవితేతర బీమా) రిజర్వింగ్ పనిలో చేరాను, అదేమిటో కింద చెబుతాను. కాలేజీలో ఎవరూ సరిగా చెప్పనిది మూడో సంగతే, అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

డిగ్రీ ఒక్కటే ఎవరినీ యాక్చువరీని చేయదు. తమ పరీక్షల (పేపర్ల) ద్వారా ఆ అర్హత ఇచ్చేవి వృత్తి సంస్థలు: భారత్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా, బ్రిటన్‌లో ఇన్‌స్టిట్యూట్ అండ్ ఫ్యాకల్టీ ఆఫ్ యాక్చువరీస్, అమెరికాలో సొసైటీ ఆఫ్ యాక్చువరీస్, క్యాజువాల్టీ యాక్చువేరియల్ సొసైటీ. బ్రిటన్ సంస్థ గుర్తించిన కోర్సుల్లో తగినన్ని మార్కులు వస్తే కొన్ని పేపర్లు రాయక్కర్లేకుండా మినహాయింపు దొరుకుతుంది. అలాంటి కోర్సులో సీటు వస్తే తీసుకోండి. అయితే ఏ పేపర్లకు మినహాయింపు, ఎన్ని మార్కులు రావాలి అన్నది చేరకముందే డిపార్ట్‌మెంట్‌ను అడిగి తెలుసుకోండి. మినహాయింపు లేని కోర్సయితే మాత్రం నేను స్టాటిస్టిక్స్ వైపే మొగ్గుతాను. పునాది గట్టిగా పడుతుంది, మధ్యలో మనసు మారినా వేరే దారులు తెరిచే ఉంటాయి.

పేపర్ల విషయానికొస్తే, ఉద్యోగానికి ముందు ఒకటి రెండు చాలు. అమెరికా పద్ధతిలో అయితే పీ (ప్రాబబిలిటీ), ఎఫ్ఎం (ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్). భారత్, బ్రిటన్ పద్ధతిలో సీఎస్1 (స్టాటిస్టిక్స్ పేపర్), సీఎం1 (యాక్చువేరియల్ గణితం పేపర్). వీటిలో సీఎస్1కి ఒక భాగం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, సీఎం1కి ఒక భాగం ఎక్సెల్‌లో చేయాల్సి ఉంటుంది కాబట్టి ప్రోగ్రామింగ్ కూడా అక్కడే మొదలవుతుంది. ఆపైన పేపర్లు పోగేసే బదులు ఆ సమయాన్ని ఒక మంచి ప్రాజెక్టు మీద పెట్టమంటాను. పై పేపర్లలో అడిగేది చాలావరకు ఆఫీసులో చూశాకే ఒంటబడుతుంది. చాలా కంపెనీలు పరీక్షలకు సెలవు, ఫీజు కూడా ఇస్తాయి. ఫెయిలవుతామేమోనన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. నాతో చేరినవాళ్లలో బాగా చదివేవాళ్లు కూడా ఏదో ఒక పేపర్ రెండోసారి రాశారు, దాంతో ఎవరి ఉద్యోగమూ ఆగలేదు.

ఈ చదువు మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక పని చేసి చూడండి. హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్‌లో చాలా దేశాల మరణాల రేట్లు వయసుల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒక దేశాన్ని తీసుకుని, రేటుకు లాగరిథమ్ కట్టి, వయసుతో గ్రాఫ్ గీయండి. పుట్టిన ఏడాది ఎత్తుగా ఉండి, 10 ఏళ్ల దగ్గర అడుగుకు దిగి, యవ్వనంలో కాస్త ఉబ్బి, నడివయసు నుంచి దాదాపు సరళరేఖలా పైకి పోతుంది. బ్రిటిష్ గణితవేత్త బెంజమిన్ గొంపెర్ట్జ్ 1825లో చెప్పిన సూత్రం అదే: పెద్దయ్యాక మరణాల రేటు వయసుతో పాటు ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది. సుమారు 8 ఏళ్లకోసారి రెట్టింపు అన్నమాట. అంతకుముందే 1693లో ఎడ్మండ్ హ్యాలీ, తోకచుక్కకు పేరిచ్చిన ఆయనే, బ్రెస్లావ్ పట్టణపు జనన మరణాల లెక్కలతో పట్టిక తయారుచేసి, జీవితాంతం వచ్చే పెన్షన్‌కు ఎంత ధర కట్టాలో చూపించాడు. నేను మొదటిసారి ఆ గీత గీసినప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఎవరు ఎప్పుడు పోతారో తెలియదు, కానీ లక్షల మందిని కలిపి చూస్తే అంత క్రమం కనిపిస్తుంది. యవ్వనంలో ఆ ఉబ్బు ఎందుకు వచ్చిందని మీరు ప్రమాదాల లెక్కలు వెతకడం మొదలుపెడితే ఈ రంగం మీకు నచ్చుతుంది.

ఇక పని. బీమా కంపెనీ ఈ ఏడాది ప్రమాదాలకు కట్టాల్సిన డబ్బు ఈ ఏడాదే మొత్తం కట్టదు, కొన్ని క్లెయిములు ఏళ్ల తరబడి నడుస్తాయి. ఇంకా ఎంత పక్కన పెట్టుకోవాలో అంచనా వేయడమే రిజర్వింగ్. చెయిన్ ల్యాడర్ అనే పద్ధతి అందరూ మొదట నేర్చుకుంటారు. ఒక పాత ఏడాది ప్రమాదాలకు మొదటి ఏడాది చివరికి 100, రెండో ఏడాదికి 150, మూడో ఏడాదికి 165 చెల్లించి, అక్కడితో ముగిసిందనుకోండి. అంటే 1.5 రెట్లు, తర్వాత 1.1 రెట్లు. ఈ ఏడాది ఇప్పటికి 120 చెల్లించి ఉంటే, చివరికి 198 అవుతుంది. 78 పక్కన పెట్టాలి. లెక్క ఇంతే.

కష్టమంతా దాని తర్వాతే. నేను చేరిన కొత్తలో ఒక త్రైమాసికంలో మొదటి ఏడాది చెల్లింపులు ఉన్నట్టుండి ఎగిశాయి. పద్ధతి ప్రకారం రిజర్వ్ బాగా పెంచాలి. మా సీనియర్ నా షీటు తెరవకుండానే "క్లెయిమ్స్ వాళ్లతో మాట్లాడావా?" అని అడిగారు. వెళ్లి కనుక్కుంటే, చిన్న క్లెయిములను తనిఖీ లేకుండా వెంటనే తేల్చేసే పద్ధతి పెట్టారట. రెండో ఏడాది వెళ్లాల్సిన డబ్బు మొదటి ఏడాదే వెళ్లిపోతోంది, ప్రమాదాలేమీ పెరగలేదు. అలాంటప్పుడు 120ని పాత 1.5తో గుణిస్తే రిజర్వ్ అనవసరంగా ఉబ్బుతుంది. మొదటి రెండేళ్లలో మీ రోజుల్లో ఎక్కువభాగం ఇలాగే గడుస్తుంది: డేటా సరిచూడటం, పోయిన త్రైమాసికానికీ ఈ త్రైమాసికానికీ అంకె ఎందుకు మారిందో కనుక్కోవడం, దాన్ని గణితం తెలియని మేనేజర్‌కు రెండు వాక్యాల్లో చెప్పడం. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇంటర్వ్యూల్లో నేను చూసేదీ ఇదే. నాలుగు పేపర్లు పాసైనా తన ప్రాజెక్టులో ఏ ఊహ తప్పితే జవాబు ఎటు మారుతుందో చెప్పలేకపోతే, ఒక్క పేపరే పాసై అది చెప్పగలిగిన వాళ్లను ఎంచుకుంటాను.

ఇంటర్న్‌షిప్‌లకు ఆఖరి ఏడాది దాకా ఆగకండి, అంతకు ముందు ఏడాదే అప్లై చేయండి. లైఫ్, జనరల్, పెన్షన్లు, హెల్త్‌లో ఏది అన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని లేదు. మొదటి పేపర్లు అన్నిటికీ ఒకటే, ఏది ముందు దొరికితే అందులో చేరి, ఏడాది రెండేళ్లు చూశాక మారొచ్చు.