సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు: బ్యాటరీ పూచీ ఎవరిది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగిని. బెంగళూరులో ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పేరున ఉన్న 2022 నాటి ఆడి ఇ-ట్రాన్ 55 కొందామనుకుంటున్నాను. 61 వేల కిలోమీటర్లు తిరిగింది, 46 లక్షలకు బేరం కుదిరింది. బ్యాంకు లోను ఇంకా 14 లక్షలు ఉందట. ‘ఫారం 29, 30 (యాజమాన్య బదిలీ ఫారాలు) మీద సంతకాలు చేసి ఇచ్చేస్తాం, 30 లక్షలు కట్టి బండి తీసుకెళ్లండి, మిగతాది ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చాక ఇవ్వండి’ అంటున్నారు. బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉందని, తెలంగాణలో ఎలక్ట్రిక్ కారుకు పన్నే లేదని చెబుతున్నారు. రేపు బ్యాటరీ పాడైతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అమ్మిన కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే అవతలివారు ఆ వస్తువుల వ్యాపారం చేసేవారై ఉండాలి. తన వాడకానికి కొన్న కారును వదిలించుకుంటున్న కంపెనీ కార్ల వ్యాపారి కాదు. ఇక 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చూస్తే, సరుకు నాణ్యంగా ఉంటుందన్న అంతర్గత హామీ కూడా ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి నుంచి కొన్నప్పుడే వర్తిస్తుంది. మీ బేరంలో చట్టం తనంతట తానుగా మీకిచ్చేది సెక్షన్ 14 కింద యాజమాన్య హక్కు హామీ ఒక్కటే. అంటే కారు అమ్మే హక్కు వాళ్లకు ఉందని, దాని మీద మీకు చెప్పని అప్పు లేదని. బ్యాటరీ గురించి చట్టం మౌనం. ఆర్‌సీలో కూడా దాని ఆరోగ్యం గురించి ఒక్క అక్షరం ఉండదు. కాబట్టి మీరు కాగితం మీద రాయించుకున్నదే మీకు రక్షణ.

మోసం చేస్తే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17, 18, 19 ఉన్నాయి. నిజం దాచి అమ్మితే ఒప్పందం రద్దు కోరవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. సివిల్ దావాకు 3 ఏళ్ల గడువు. అయితే సెక్షన్ 19లోని మినహాయింపును చాలామంది చూడరు. మామూలు శ్రద్ధ పెడితే నిజం మీకే తెలిసే వీలుండి కూడా మీరు చూసుకోకపోతే, అవతలివారు మౌనంగా ఉన్నారన్న కారణంతో ఒప్పందం రద్దు చేయించుకోలేరు. సర్వీసు కేంద్రంలో అడిగితే వచ్చే నివేదికను మీరు అడగకుండా కొంటే, అవతలి లాయరు మొదట ఎత్తి చూపేది అదే.

అందుకని డబ్బు కదలకముందే కారును అధీకృత సర్వీసు కేంద్రానికి పంపి, బ్యాటరీ ఆరోగ్య శాతంతో ముద్రిత నివేదిక తీయించండి. ఛాసిస్ నంబరు, తేదీ, మీటరు రీడింగు దాని మీదే ఉండాలి. ఈ కారు బ్యాటరీ స్థూల సామర్థ్యం 95 కిలోవాట్ అవర్లు, వాడుకకు వచ్చేది 86.5. డ్యాష్‌బోర్డు మీద కనిపించే కిలోమీటర్ల అంచనా ఇటీవలి డ్రైవింగును బట్టి మారిపోతుంది. దాన్ని ఫోటో తీసి సాక్ష్యం అనుకోకండి.

8 ఏళ్ల వారంటీ మాట నిజమే, కానీ అది సగం మాట. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. లెక్క మొదలయ్యేది కారు తొలి యజమాని చేతికి వచ్చిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. బ్యాటరీ ఎంత తగ్గినా మార్చేస్తారనీ కాదు. వాడదగిన సామర్థ్యం 70 శాతం కంటే కిందికి పడిపోతేనే తరుగుదల క్లెయిము నిలుస్తుంది. 74 శాతం దగ్గర ఆగిపోయిన బ్యాటరీతో మీరు ఏళ్ల తరబడి తిరుగుతారు, వారంటీ పలకదు. ప్రమాదంలో అడుగు దెబ్బతిన్నా, నీళ్లలో మునిగినా, బయటి గ్యారేజీలో ప్యాక్ తెరిచినా వారంటీ పోయినట్టే. ఈ ఛాసిస్ నంబరు మీద బ్యాటరీ వారంటీ అమల్లో ఉందా, ఏ తేదీ వరకు, పెండింగులో రీకాల్ పనులేమైనా ఉన్నాయా అని డీలరుకు ఈమెయిల్ పెట్టి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఫోనులో చెప్పిన ‘ఉంది సార్’ కమిషన్ ముందు పనికిరాదు. వారంటీ ఉండి తయారీదారు నిరాకరిస్తే మాత్రం అది వేరే కేసు. అక్కడ ఎదుటివారు వ్యాపారులే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి: 2022 సెప్టెంబరులో బెంగళూరులో యమలూరు, బెళ్లందూరు వైపు వరదల్లో ఎన్నో ఖరీదైన కార్లు మునిగాయి. మీ కారు అదే ఏడాదిది, అదే ఊరిది. అనుమానించమనడం లేదు, పాలసీలు తెప్పించుకుని చూడమంటున్నాను. క్లెయిము లేకుండా నడిచిన కారుకు నో క్లెయిమ్ బోనస్ మొదటి రెన్యువల్‌లో 20, తర్వాత 25, ఆపైన 35 శాతంగా పెరుగుతుంది. మూడో రెన్యువల్ పాలసీలో అది సున్నాకు పడిపోయి ఉంటే మధ్యలో క్లెయిము జరిగిందన్నమాట. ఎందుకో అడగండి, సర్వే రిపోర్టు తీసుకోండి.

ఇప్పుడు ఒప్పందం. కంపెనీలు తమ లాయరు రాసిన ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే నమూనా ఇస్తాయి. మోసానికి ఆ మాట రక్షణ ఇవ్వదు, కానీ మిగతా దారులన్నీ మూసేస్తుంది. దాని బదులు 100 రూపాయల స్టాంపు కాగితం మీద ఈ అర్థంలో ఒక షరతు చేర్చండి:

‘ఈ వాహనపు హై వోల్టేజి బ్యాటరీ నీట మునగలేదు, దాని ప్యాక్ అధీకృత కేంద్రం బయట ఎక్కడా తెరవలేదు, మాడ్యూళ్లు మార్చలేదు. అనుబంధం 1గా జతచేసిన నివేదికలోని సామర్థ్య శాతం సరైనది. మీటరు రీడింగు నిజమైనది. ఈ వివరాలను నమ్మే కొనుగోలుదారు ఈ ధరకు ఒప్పుకున్నారు. వీటిలో ఏది అబద్ధమని తేలినా, ధర తిరిగి తీసుకుని వాహనం అప్పగించడమో, మరమ్మతు ఖర్చు రాబట్టుకోవడమో కొనుగోలుదారు ఇష్టం.’

‘నమ్మే’ అన్న మాటను వదలకండి. ఆ అబద్ధం వల్లనే మీరు ఒప్పుకున్నారని చూపించలేకపోతే సెక్షన్ 19 సాయం చేయదు. వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే అని కూడా రాయించండి. లేకపోతే వాయిదా వాయిదాకీ బెంగళూరు బస్సెక్కాలి.

అమ్మేది కంపెనీ కనుక ఇంకొంచెం పని ఉంది. కారు అమ్మడానికి, ఫలానా వ్యక్తి సంతకం చేయడానికి బోర్డు తీర్మానం నకలు అడగండి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఆ కంపెనీ మీద నమోదైన చార్జీల (ఆస్తుల మీద ఉన్న తాకట్ల) జాబితా చూడండి. కారు లోను అక్కడ కూడా నమోదై ఉంటే, అప్పు తీరాక, తీరిందని తెలిపే సీహెచ్‌జీ-4 ఫారం దాఖలు చేసే బాధ్యత కంపెనీదేనని రాయించండి. ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైందేమో దివాలా బోర్డు వెబ్‌సైటులోని ప్రకటనల్లో వెతకండి. మారటోరియం (ఆస్తుల అమ్మకాలను ఆపే ఆదేశం) వచ్చాక చేసిన అమ్మకం చెల్లదు.

ధరలో ‘జీఎస్టీతో కలిపి’ అనే మాట లేకపోతే ఇబ్బంది పడతారు. 2025 జనవరి 16 నుంచి రిజిస్టర్డ్ వ్యాపారి అమ్మే పాత ఎలక్ట్రిక్ కారుకు 18 శాతం జీఎస్టీ, అదీ లాభం మీదే. కంపెనీ తరుగుదల క్లెయిము చేసి ఉంటే లాభం అంటే అమ్మిన ధరలోంచి ఆదాయపు పన్ను లెక్కల్లో మిగిలిన విలువ తీసివేయగా వచ్చేది. మామూలు కారుకు ఏడాదికి 15 శాతం తరుగుదలైతే, విద్యుత్ వాహనానికి 40 శాతం చూపించుకునే వీలుంది. 1.10 కోట్లకు కొన్న కారు 40 శాతం చొప్పున మూడేళ్లకు లెక్కల్లో 23.76 లక్షలకు దిగుతుంది. 46 లక్షలకు అమ్మితే లాభం 22.24 లక్షలు, పన్ను సుమారు 4 లక్షలు. అదే 15 శాతం చొప్పునైతే లాభమే లేదు, పన్నూ లేదు. ఏ రేటు చూపించారో ముందే అడగండి, లేకపోతే ఆఖరి నిమిషంలో ఆ 4 లక్షలు మీ నెత్తిన పడతాయి. విడిగా 1 శాతం టీసీఎస్ (అమ్మేవారు మీ నుంచి వసూలు చేసి జమ చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తే కంగారు పడకండి. అది మీ పాన్ మీద జమ అవుతుంది, మీ పన్ను జమల నివేదిక 26ఏఎస్‌లో కనిపిస్తుంది.

వాళ్లు చెప్పిన చెల్లింపు పద్ధతికి మాత్రం ఒప్పుకోవద్దు. ఆర్‌సీ మీద బ్యాంకు హైపోతికేషన్ (లోను తాకట్టు నమోదు) ఉండగా బ్యాంకు సమ్మతి లేకుండా ఆర్‌టీఓ ఎన్‌ఓసీ రాదు, బదిలీ కాదు. 30 లక్షలు వాళ్ల ఖాతాలో పడ్డాక లోను తీర్చకపోతే మీ చేతిలో మిగిలేది బ్యాంకు జప్తు చేయగల కారు. ముందుగా బ్యాంకు నుంచి ముందస్తు ముగింపు లేఖ తెప్పించి, ఆ మొత్తాన్ని నేరుగా లోను ఖాతాకే ఆర్‌టీజీఎస్ చేయండి. బ్యాంకు ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 (హైపోతికేషన్ తొలగింపు ఫారం) రెండు ప్రతులు వస్తాయి. ఆ ఎన్‌ఓసీకి సాధారణంగా 3 నెలల గడువే ఉంటుంది, దాచిపెట్టుకోకండి. తర్వాత హైపోతికేషన్ తొలగింపు, చలాన్ల చెల్లింపు, ఫారం 28తో అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ. అప్పుడు మిగతా డబ్బులో ఎక్కువ భాగం కంపెనీ ఖాతాకే (డైరెక్టరు సొంత ఖాతాకు కాదు) పంపి కారు తీసుకోండి. 3, 4 లక్షలు ఆర్‌సీ మీ పేరున వచ్చేదాకా ఆపుకోండి. నగదు 2 లక్షలు ముట్టుకున్నా, తీసుకున్నవారికి అంత మొత్తం జరిమానా.

ఖాళీగా సంతకం చేసిన ఫారాలు ఈ రోజుల్లో పెద్దగా పనికిరావు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపేటప్పుడు అమ్మినవారి మొబైల్‌కు ఓటీపీ వెళ్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో, వేరే రాష్ట్రపు బండిని అమ్మినవారు 45 రోజుల్లో తెలియజేయాలి. ఆర్‌సీలో పేరు మారేదాకా ప్రమాద పరిహారం బాధ్యత రికార్డుల్లోని యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది కనుక, త్వరగా బదిలీ కావడం వాళ్లకూ అవసరమే. ఆ మాట వాళ్లకు గుర్తుచేస్తే పని వేగం పెరుగుతుంది.

బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 కింద దానంతట అదే బదిలీ అయ్యేది థర్డ్ పార్టీ రక్షణ మాత్రమేనని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సొంత కారుకు జరిగిన నష్టం అందులోకి రాదు. వాళ్ల నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, తేడా ప్రీమియం మీరే కట్టాలి. ప్రామాణిక పాలసీలో బ్యాటరీలకు 50 శాతం తరుగుదల కోత ఉంటుంది. ఈ కారుకు జీరో డిప్రిసియేషన్ (తరుగుదల కోత లేని), బ్యాటరీ రక్షణ కవర్లు లేకుండా పాలసీ తీసుకోవద్దని నా గట్టి సలహా.

పన్ను సంగతి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఉన్న 100 శాతం మినహాయింపు ఇక్కడ కొని ఇక్కడే రిజిస్టర్ చేసే ఎలక్ట్రిక్ వాహనాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న పాత కారుకు అది దానంతట వచ్చేస్తుందనుకుని బేరం ఆడకండి. ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేసేముందే మీ ఆర్‌టీఏ కార్యాలయంలో లెక్క రాతపూర్వకంగా తీసుకోండి. పన్ను పడితే మీరు కట్టిన 46 లక్షల మీద కాదు, అసలు ఇన్వాయిస్ ధర, కారు వయసు చూసి వేస్తారు. అందుకని తొలి ఇన్వాయిస్ నకలు తప్పనిసరి. పెట్రోలు కారైతే కర్ణాటకలో కట్టిన జీవితకాల పన్నులో కొంత వాపసు అడగవచ్చు. అక్కడ 2024కు ముందు ఎలక్ట్రిక్ కార్లకు పన్నే లేదు కాబట్టి ఈ కారుకు వాపసు వచ్చేదీ లేదు. నంబరు మారినా ప్లేటు మాత్రం ఆకుపచ్చదే, దాని మీద తెల్ల అక్షరాలే.

కారు తీసుకునే రోజు రెండు తాళాలు, ఛార్జింగ్ కేబుళ్లు, వాల్‌బాక్స్ పేరుపేరునా రసీదులో రాయించుకోండి. కంపెనీ ఫోనులోని కారు యాప్ ఖాతా నుంచి ఈ వాహనాన్ని మీ ముందే తొలగించి, మిమ్మల్ని ప్రధాన వాడుకదారుగా నమోదు చేయించండి. లేదంటే మీ కారు ఎక్కడుందో వాళ్ల ఫోనులో కనిపిస్తూనే ఉంటుంది.