‘మినహా’ పెట్టాల్సిన చోటు

సందేహం: బ్రిటన్‌లో క్రీడల కత్తుల అమ్మకం గురించి వ్యాసం రాశాను. ‘క్రీడలకు వాడే వంపుకత్తులు మినహా అమ్మకాలకు అనుమతి ఉంది’ అన్న వాక్యం చదివి మా అబ్బాయి నవ్వాడు. తప్పెక్కడుంది? ‘సడలింపు’ అనాలా? ఫెన్సింగ్‌ని తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకుడు, కోవూరు

సమాధానం: మీ అబ్బాయి నవ్వడంలో న్యాయం ఉందండీ. అమ్మొచ్చని మీరు చెప్పదలచుకున్న సరుకునే మీ వాక్యం అమ్మకూడదంటోంది!

కోవూరువారికి ఈ మాట కొత్తది కాదు. వడ్ల వ్యాపారి పుట్టికి ఇంత అని తరుగు మినహాయించి, మిగిలినదానికే డబ్బు లెక్కగడతాడు కదా. ‘మినహా’ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. ‘అందులోనుంచి’ అని దాని అర్థం. ఎందులోనుంచి తీస్తున్నామో తేలకపోతే లెక్క తిరగబడుతుంది. మీరు అనుమతిలోంచి తీశారు, తీయాల్సింది నిషేధంలోంచి.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2008 నుంచి 50 సెంటీమీటర్లు, ఆపైన అలుగు (కత్తి రేకు; చెరువు అలుగు కాదు లెండి) ఉన్న వంపుకత్తుల అమ్మకం నిషేధం. బీమా తీసుకుని జరిపే క్రీడా కార్యక్రమం కోసం ఇస్తే తప్పు కాదు. కాబట్టి ‘బీమా ఉన్న క్రీడా కార్యక్రమాలకు ఇచ్చేవి మినహా పొడవాటి వంపుకత్తుల అమ్మకం నిషేధం’ అని రాయండి. ‘మినహాయింపు’ వాడితే ‘కి’, ‘నుంచి’ రెండూ పడాలి: ఈ కత్తులకు ఆ నిషేధం నుంచి మినహాయింపు. ‘అమ్మకానికి మినహాయింపు’ అని ఊరుకుంటే సగం మాటే.

‘సడలింపు’ ఇక్కడ పొసగదు. సడలిన ముడి వదులవుతుందే గాని ఊడదు. ఉద్యోగ ప్రకటనల్లో వయోపరిమితి సడలింపు అంటే పరిమితి పోయిందని కాదు, కొన్నేళ్లు ముందుకు జరిగిందని.

ఇంకో తేడా కూడా గమనించండి. మన 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికీ, సేద్యానికీ మాత్రమే చేసిన పనిముట్లను ఆయుధాల నిర్వచనంలోంచే తీసేసింది. మీ ఇంటి కొడవలికి ‘మినహాయింపు ఇచ్చారు’ అనకండి, అది అసలు ‘ఆయుధాల లెక్కలోకే రాదు’.

ఫెన్సింగ్‌కి కత్తిసాము నిక్షేపంలాంటి మాట. కర్రసాము ఉన్నచోట అది ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఒక్కసారైనా పక్కన ఫెన్సింగ్ అని కూడా రాయండి. ‘ఫెన్సింగ్’ ఒక్కటే రాస్తే మాత్రం, మన వైపు రొయ్యల గుంటకు కంచె వేయిస్తున్నారనుకుంటారు.