కెర్నెల్, డీఎంఏ అంటున్న కొడుకుని మాన్పించాలా?

దామలచెరువులో మామిడి మండీ నడిపే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా వాడు తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. వాడి ఫ్రెండ్స్ అందరూ ఏఐ, ఫుల్ స్టాక్ కోర్సులకి పోతా ఉంటే వీడు మాత్రం లినక్స్ కెర్నెల్లో డీఎంఏ ఇంటర్‌ఫేస్‌లు డిజైన్ చేస్తానంటాడు. అదేందో మాకు తెలీదు, చెప్పేవాళ్ళూ లేరు. దాంట్లో ఉద్యోగాలు ఉంటాయా, మాన్పించమంటారా?"

అన్నా, మాన్పించొద్దు. కాకపోతే అబ్బాయికి అది నిజంగా పట్టుబడుతుందా లేదా అనేది ఈ ఆర్నెల్లలో తేల్చుకోవాలి, ఎట్లా తేల్చుకోవాలో చెప్తాను, కానీ ముందు ఆ పనేందో మీకు తెలిస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. కెర్నెల్ అంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ, హార్డ్‌వేర్‌ని నడిపేది అదే.

మీరు అలిపిరి నుంచి కొండకి నడిచి పోయేటప్పుడు బ్యాగులు కింద కౌంటర్లో ఇచ్చేసి టోకెన్ తీసుకుంటారు కదా, మీరు చేతులూపుకుంటా మెట్లెక్కుతారు, బ్యాగులు బండిలో పైకొస్తాయి, పైన టోకెన్ చూపించి తీసుకుంటారు. డీఎంఏ, అంటే డైరెక్ట్ మెమరీ యాక్సెస్, దాదాపు అదే. ప్రాసెసర్ ఒక్కో బైటూ తనే మోయకుండా నెట్‌వర్క్ కార్డో, డిస్కో నేరుగా మెమరీలోకి రాసేసి అయిపోయాక కబురు చెప్తుంది. బ్యాగు ఇచ్చేశాక మళ్ళీ మీ చేతికి వచ్చేదాకా మధ్యలో తెరవడానికి లేదు, అట్లనే టోకెన్ మీద ఉండే నంబరు మీ బ్యాగు ఉన్న చోటు కాదు, కౌంటర్ వాళ్ళకి అర్థమయ్యే గుర్తు. లినక్స్‌లో డీఎంఏ మ్యాప్, అన్‌మ్యాప్ అనేవి ఈ ఇచ్చిపుచ్చుకోవడాలే, ఆ టోకెన్నే డీఎంఏ అడ్రస్ అంటారు.

ఇంత వరకు సులువే, కష్టమంతా మెషీన్లు రకరకాలుగా ఉండటంలో ఉంది. పాత పీసీల్లో ఉండే ఐఎస్ఏ రకం కార్డులు 24 బిట్ల అడ్రస్ వరకే చూడగలవు, అంటే మెమరీలో మొదటి 16 ఎంబీ, అంతకు మించి చెయ్యి అందదు. 32 బిట్ల కార్డుకి 4 జీబీ. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో కొన్ని పరికరాలకి మొదటి 1 జీబీ దాకానే. అందని చోట డేటా ఉంటే కెర్నెలే అందే చోటికి కాపీ చేసి పంపుతుంది, దాన్ని బౌన్స్ బఫర్ అంటారు. కొన్ని మెషీన్లలో మధ్యలో ఐఓఎమ్ఎమ్‌యూ అని ఒకటి ఉండి అడ్రస్‌లు మార్చి ఇస్తుంది కాబట్టి కాపీ అక్కర్లేదు. ఇంకా క్యాష్ గొడవ ఉంది, క్యాష్ అంటే ప్రాసెసర్ తొందరగా చదవడానికి మెమరీలోని డేటా కాపీని తన దగ్గర పెట్టుకునే చోటు, మనం ఇళ్ళల్లో వాడే ఇంటెల్, ఏఎండీ పీసీల్లో కార్డు మెమరీలో రాసింది ప్రాసెసర్‌కి వెంటనే కనపడేలా హార్డ్‌వేరే చూసుకుంటుంది, ఫోన్లలో వాడే రకం ఆర్మ్ ప్రాసెసర్లున్న చాలా బోర్డుల్లో అట్లా కాదు, సాఫ్ట్‌వేరే క్యాష్‌ని సరిచేయాలి.

డ్రైవర్, అంటే ఒక కార్డునో డిస్కునో నడిపే ప్రోగ్రామ్, రాసేవాడికి ఇవన్నీ తెలియాల్సిన పని లేకుండా ఒకే మాటతో అన్ని మెషీన్లలో నడిచేలా చేయడమే మీవాడు చెప్పే ఇంటర్‌ఫేస్ డిజైన్. లినక్స్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌బీఎస్‌డీలో జేసన్ థోర్ప్ 1990ల చివర్లో బస్ డీఎంఏ అని చేశాడు. లినక్స్ 2001 జనవరిలో వచ్చిన 2.4తో పీసీల్లో గుచ్చే పీసీఐ రకం కార్డుల కోసం ఒక పద్ధతి పెట్టింది, 2.6కి వచ్చేసరికి దాన్నే అన్ని రకాల పరికరాలకీ పనికొచ్చేట్టు మార్చారు. ఆ పద్ధతే ఇప్పటికీ డ్రైవర్లలో కనిపిస్తుంది, నాకు ఆ పని మీద గౌరవం అందుకే.

నేను కౌన్సెలింగ్‌కి రాకముందు బెంగళూరులో డ్రైవర్లు రాసేవాణ్ణి. పీసీలో నెలల తరబడి బంగారంలా నడిచిన డ్రైవర్ ఒక ఆర్మ్ బోర్డు మీద పెడితే పది ప్యాకెట్లలో ఒకటి పాత డేటాతో వచ్చేది, తొమ్మిది రోజులు హార్డ్‌వేర్ వాళ్ళ మీద అరిచాం, చివరికి చూస్తే తప్పు నాదే, బఫర్, అంటే డేటా పెట్టే మెమరీ ముక్క, ప్రాసెసర్ చేతికి తిరిగి రాకముందే నేను చదివేస్తున్నాను. పీసీ ఆ తప్పుని దాచిపెట్టింది. ఇట్లాంటివి పడ్డాకనే డిజైన్ చేయడం వస్తుంది, కాబట్టి కాలేజీ నుంచి బయటికి రాగానే డిజైన్ పని ఎవ్వరూ చేతిలో పెట్టరని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి, మొదటి కొన్నేళ్ళు డ్రైవర్లు, బగ్గులే.

ఇంక పరీక్ష. రూపాయి ఖర్చు లేదు, దీనికోసం ఏ కోర్సుకీ డబ్బులు కట్టొద్దు. క్యూఈఎమ్‌యూ అనే, కంప్యూటర్లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకునేవాళ్ళ కోసమే ఈడీయూ అని ఒక ఉత్తుత్తి పీసీఐ కార్డు ఉంది, 4096 బైట్ల బఫర్, డీఎంఏ కూడా చేస్తుంది. దానికి డ్రైవర్ రాయమనండి. మామూలుగా అది 28 బిట్లే చూస్తుంది, అంటే 256 ఎంబీ. ఎక్స్86, అంటే ఇంటెల్, ఏఎండీ పీసీ రకం మెషీన్లో ఆ డ్రైవర్ నడుస్తుంది. అదే డ్రైవర్‌ని క్యూఈఎమ్‌యూ ఆర్మ్64 (64 బిట్ల ఆర్మ్) రకం వర్ట్ అనే ఉత్తుత్తి మెషీన్ మీద పెడితే నడవదు, ఎందుకంటే అక్కడ ర్యామ్ మొదలయ్యేదే 1 జీబీ అడ్రస్ దగ్గర, కార్డుకి ఒక్క బైటు కూడా అందదు. అప్పుడు మెషీన్‌కి ఎస్ఎమ్ఎమ్‌యూ (ఇందాక చెప్పిన ఐఓఎమ్ఎమ్‌యూకి ఆర్మ్‌లో పేరు) తగిలించి చూడమనండి, డ్రైవర్లో ఒక్క లైను మార్చకుండా నడవాలి. ఎందుకు నడిచిందో అబ్బాయి మీకు, అంటే కంప్యూటర్ రాని మీకు, అలిపిరి టోకెన్ లెక్కన చెప్పగలిగితే ఈ లైన్లో వదిలేయొచ్చు. క్యాష్ తప్పులు మాత్రం క్యూఈఎమ్‌యూలో బయటపడవు, దానికి నిజం బోర్డు కావాలి, కెర్నెల్లో డీఎంఏ ఏపీఐ డీబగ్ అనే ఆప్షన్ ఆన్ చేసుకుంటే చాలా తప్పులు అదే పట్టిస్తుంది.

ఉద్యోగాల సంగతి. డీఎంఏ ఇంజనీర్ అని పోస్టు ఉండదు, డివైస్ డ్రైవర్, బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజ్), ఎంబెడెడ్ లినక్స్ అనే పేర్లతో వెతకాలి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, బెంగళూరులో ఇంటెల్, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఎన్ఎక్స్‌పీ లాంటి చిప్ కంపెనీల్లో ఈ పని ఉంటుంది. వెబ్ ఉద్యోగాలతో పోలిస్తే సంఖ్య తక్కువే, క్యాంపస్‌కి వస్తారని కూర్చుంటే కుదరదు, సొంతంగా అప్లై చేసుకోవాలి, సీ భాషా పాయింటర్లూ గట్టిగా అడుగుతారు. కానీ ఫ్రెండ్స్ నేర్చుకునే ఏఐకి, ఆ లెక్కలు చేసే జీపీయూ చిప్‌లోకి డేటా పోయేది కూడా డీఎంఏతోనే అని గుర్తుపెట్టుకోండి. మొదటి ఉద్యోగం ఆలస్యమైతే గేట్ దారి ఉంది, గేట్ సీఎస్ సిలబస్‌లోనే డీఎంఏ ఉంది, ఏర్పేడు ఐఐటీ మీకు దగ్గరే.

సీజన్లో మండీ పనికి అబ్బాయిని పిలవకండి అని నేను చెప్పను, అది మీ ఇంటి విషయం, రోజుకి రెండు గంటలు మాత్రం లాప్‌టాప్ ముందు వదిలేయండి. సంక్రాంతి సెలవల్లో ఎక్స్86లో ఒకటి, ఆర్మ్64లో ఒకటి, రెండు అవుట్‌పుట్లూ పట్టుకుని నా దగ్గరికి తీసుకురండి, రెండోది ఫెయిలై ఉన్నా పర్లేదు, ఎక్కడ ఆగిందో రాసుకుని రమ్మనండి.