అమ్మలూ, ముందు ఆ లిస్టు పక్కన పెట్టు

రాజమండ్రి,
ఆదివారం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఎక్సెల్ షీటు కూడా తెరిచాను. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, మీ పెద్దమ్మ చేత చదివించుకున్నాను. నెలకో సినిమా, ఏడాదికి పన్నెండు, అన్నీ 1960 నుంచి 64 లోపువే. ఆరుగురు ఫ్రెండ్స్, మీ ఫ్లాట్ హాలు, అద్దె ప్రొజెక్టర్. ఆలోచన బాగుంది. లిస్టే బాలేదు.

ఆ పన్నెండూ ఏ సినిమా పుస్తకం తెరిచినా మొదటి పేజీలో కనబడే పేర్లు. అవి ఎక్కడికీ పోవు, ఎప్పుడో ఒకప్పుడు వాటంతటవే నీ కంటబడతాయి. పైగా వాటిని సినిమా ఉద్యమాలవారీగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో రంగు కొట్టావు. ఇదంతా చూస్తే నాకు నేనే గుర్తొచ్చాను.

బ్యాంకులో చేరిన కొత్తలో మేం ఐదారుగురం కలిసి ఫిల్మ్ సొసైటీ నడిపాం. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి 16 ఎంఎం ప్రింట్లు రేకు డబ్బాల్లో రైలు పార్సిల్‌లో వచ్చేవి. స్టేషన్‌కి వెళ్లి విడిపించుకుని, రిక్షాలో పెట్టుకుని తెచ్చుకునేవాళ్లం. మొదటి షోకి అరవై మంది వచ్చారు. సినిమాకి ముందు నేను ఆ డైరెక్టరు గురించి, ఆ దేశపు సినిమా చరిత్ర గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. రీలు మార్చడానికి లైట్లు వేస్తే పదకొండు మంది మిగిలారు. అందులో ఒకడు వాచ్‌మన్. సినిమా తప్పేం లేదు, జనాన్ని నేనే తరిమేశాను.

అందుకే చెబుతున్నాను. డైరెక్టరు పేరు పట్టుకుని సినిమాలోకి వెళ్లొద్దు. నీకు ముందే తెలిసిన వస్తువు ఒకటి పట్టుకుని వెళ్లు. కడవెడు నీళ్లు, ఉద్యోగం పరీక్ష, మొక్కు, మేడమెట్లు, ఏదైనా సరే. అది చేతిలో ఉంటే ఏ దేశపు సినిమా అయినా నిన్ను గుమ్మం దగ్గర ఆపదు.

మొదట జపాన్‌ది ఒకటి. పేరు నేకెడ్ ఐలండ్, 1960లో కనెటో షిండో తీశాడు. సముద్రం మధ్య చిన్న దిబ్బ లాంటి దీవి. మొగుడూ పెళ్లాం, ఇద్దరు మగపిల్లలు. దీవిలో మంచినీళ్లు లేవు. పక్క దీవికి పడవేసుకుని వెళ్లి, బకెట్లు నింపుకుని, కావిడి వేసుకుని నిటారు గట్టు ఎక్కి, ఎండిన మట్టిలో మొక్కకింత అని పోస్తారు. పోసిన నీళ్లు పోసినట్టే నేల తాగేస్తుంది. మళ్లీ పడవ. ఇందులో దాదాపు మాటలే లేవు.

మేం ఇది వేసిన రోజు ప్రొజెక్టర్ ఆపరేటర్‌కి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాం. ఐదు నిమిషాలకి ఆపేశాడు. ఏదో వైరు లాగి, మళ్లీ వేశాడు. పది నిమిషాలకి మళ్లీ ఆపాడు. మూడోసారి ఆపి, చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చి, "సార్, మ్యూజిక్ వస్తోంది, మాట రావట్లేదు" అన్నాడు. హాలంతా నవ్వు. అందులో మాటలు లేవయ్యా అంటే నమ్మలేదు. కాసేపటికి ఆవిడ కాలు తడబడి బకెట్ ఒలికిపోయే చోటు వచ్చింది. మొగుడు మెల్లగా తన కావిడి దించి, దగ్గరికొచ్చి, చెంప మీద ఒక్కటి కొట్టాడు. నవ్విన హాలు నిశ్శబ్దమైపోయింది. వెనకనుంచి ఎవరో ముసలాయన "అయ్యో, నీళ్లు" అన్నాడు. అయ్యో పాపం అనలేదు, అయ్యో నీళ్లు అన్నాడు. అతనికి ఆ సినిమా గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ దెబ్బ తప్పని నువ్వంటావు, నేనూ అంటాను. కానీ ఒలికిన నీళ్ల ఖరీదు తెలిసినవాళ్లకి ఆ సీను ఇంకోలా తగులుతుంది.

ఆ సినిమా 1961లో మాస్కో ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి తెచ్చుకుంది. మునిగిపోబోతున్న షిండో కంపెనీ దాంతోనే ఒడ్డున పడింది. ఇది షో అయ్యాక చెప్పు, ముందు చెప్పకు.

రెండోది నీ కోసమే. మొన్న నీ ఇంటర్వ్యూ టెన్షన్ గురించి గంటసేపు ఫోన్‌లో చెప్పావు కదా. ఇటలీ డైరెక్టర్ ఎర్మన్నో ఓల్మీ 1961లో తీసిన ఇల్ పోస్టో చూడు. ఆ మాటకి ఉద్యోగం అని అర్థం, కొలువు అనుకో. దొమెనికో అనే కుర్రాడు ఊరినుంచి మిలాన్‌కి వచ్చి ఓ పెద్ద కంపెనీలో పరీక్ష రాస్తాడు. లెక్క ఇస్తారు, గుంజీళ్ల లాంటివి తీయిస్తారు, అర్థంపర్థంలేని ప్రశ్నలు అడుగుతారు. అక్కడే ఓ అమ్మాయి పరిచయమవుతుంది. ఇద్దరూ కాసేపు ఊళ్లో తిరుగుతారు, కాఫీ తాగుతారు. అంతే. తర్వాత ఇద్దరికీ వేరేవేరే చోట్ల పని పడుతుంది. గుమస్తా ఖాళీలు లేవని కుర్రాణ్ణి ముందు ప్యూను పనిలో పెడతారు. కొన్నాళ్లకి ఓ గుమస్తా చచ్చిపోతే కుర్చీ ఖాళీ అవుతుంది.

ఆ కుర్చీ దగ్గర జరిగే గొడవ చూడు. కుర్రాణ్ణి తెచ్చి ముందు బల్ల దగ్గర కూర్చోబెడతారు. వెంటనే వెనకనుంచి ఒకాయన లేచి, ఇరవై ఏళ్లుగా వెనక కూర్చుంటున్నాను, నా సంగతేమిటని ఆక్షేపిస్తాడు. ఇక వరసంతా లేచి సామాన్లు సర్దుకుని ఒక్కో బల్ల ముందుకు జరుగుతారు. కుర్రాడు వెనకాల చీకటి మూలకి చేరతాడు. పక్కన కాగితాలకి నకళ్లు తీసే సైక్లోస్టైల్ మెషిన్ టకటకలాడుతూ ఉంటుంది. నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేశాను. ఫ్యాను కింద సీటు కోసం రెండేళ్లు మాటలు మానేసిన ఇద్దరు పెద్దమనుషుల మధ్య కూర్చున్నాను. ఆ సీను చూసినప్పుడు ఇటలీవాడికి మా బ్రాంచి సంగతి ఎవరు చెప్పారా అనిపించింది. ఓల్మీ కూడా అంతకుముందు ఎడిసన్ కరెంటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, వాళ్ల కోసం డాక్యుమెంటరీలు తీసినవాడే. ఆ అమ్మాయిగా నటించిన ఆవిడనే తర్వాత పెళ్లి చేసుకున్నాడు. ఈ చివరి ముక్క మీ పెద్దమ్మకి బాగా నచ్చింది.

ఇక పొట్టివి రెండున్నాయి. వీటిని ఒకే రోజు వేయొచ్చు, రెండూ కలిపినా ముప్పావు గంట దాటవు. 1963లో నాకు పన్నెండేళ్లు. లవకుశ చూడ్డానికి మా ఊరంతా బళ్లు కట్టుకుని టౌనుకి వెళ్లాం. అంతా రంగుల్లో! మా బండివాడు కూడా టికెట్ కొనుక్కుని లోపలికి వచ్చాడు. సరిగ్గా అదే ఏడాది ఉస్మాన్ సెంబేన్ సెనెగల్ రాజధాని డాకర్‌లో ఓ గుర్రబ్బండివాడి మీద ఇరవై నిమిషాల సినిమా తీశాడు. పేరు బోరోమ్ సారెట్. నల్లజాతివాడు ఆఫ్రికా గడ్డ మీద తీసిన మొదటి సినిమాగా చాలామంది దీన్నే లెక్కవేస్తారు. సెంబేన్ అంతకుముందు మార్సెయ్ రేవులో కూలీ, తర్వాత నవలలు రాశాడు. చదువురాని తనవాళ్లకి పుస్తకం అందదని నలభై దగ్గర పడ్డాక మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. బండివాడు పొద్దున్నే నమాజు చేసుకుని బయల్దేరతాడు. ఎక్కినవాళ్లలో చాలామంది డబ్బులివ్వరు. వచ్చిన నాలుగు రాళ్లూ తాతముత్తాతల్ని పొగిడే ఓ పాటగాడి చేతిలో పోసేస్తాడు. మన దగ్గర భట్రాజులు పొగిడితే మురిసిపోయిన పెద్దవాళ్లు గుర్తొస్తారు. సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొస్తే, పెళ్లాం బిడ్డని అతని చేతిలో పెట్టి, ఈ రాత్రికి తిండి దొరుకుతుందిలే అని చెప్పి బయటికి వెళ్లిపోతుంది. ఎక్కడికని అతనూ అడగడు, సినిమా కూడా చెప్పదు. దాని మీద మీ ఆరుగురూ గంట కొట్లాడుకోవచ్చు.

రెండో పొట్టిది ద హౌస్ ఈజ్ బ్లాక్. ఇరాన్ కవయిత్రి ఫరూగ్ ఫరోఖ్‌జాద్ 1962లో తబ్రీజ్ దగ్గర కుష్ఠురోగుల కాలనీలో తీసింది. ఆవిడ తీసిన సినిమా ఇదొక్కటే గుర్తింపు తెచ్చుకుంది, ముప్పై రెండేళ్లకే కారు ప్రమాదంలో పోయింది. ఇందులో బడి సీను ఉంది. అమ్మానాన్నల్ని ఇచ్చినందుకు దేవుడికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలి అని మాస్టారు ఓ పిల్లాణ్ణి అడుగుతాడు. "తెలీదు, నాకు ఇద్దరూ లేరు" అంటాడు వాడు. ఇంతకంటే రాయను. భోజనం ముందు మాత్రం ఇది వేయకు, ఆ ముఖాలు చూసి తట్టుకోవడానికి కాస్త టైం పడుతుంది. అక్కడి ఓ పిల్లాణ్ణి ఆవిడ తర్వాత పెంచుకుంది.

మొక్కు సినిమా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బ్రెజిల్‌ది, 1962. పోర్చుగీసులో పేరు ఓ పగదోర్ ది ప్రొమెసాస్, మొక్కు తీర్చుకునేవాడు అని. తీసింది అన్సెల్మో దువార్తె. గాలివానలో చెట్టుకొమ్మ పడి ఓ రైతు గాడిదకి దెబ్బ తగులుతుంది. గాడిద బతికితే పెద్ద శిలువ మోసుకొచ్చి సాల్వదోర్‌లోని సాంతా బార్బరా గుడిలో పెడతానని మొక్కుకుంటాడు. గాడిద బతికింది. ఏడు ఆమడలు మోసుకుని తెల్లారేసరికి గుడిమెట్ల దగ్గరికి వచ్చాడు. ఫాదరీ అన్నీ విని, మొక్కు ఎక్కడ మొక్కుకున్నావని అడిగాడు. మా ఊళ్లో కాందోంబ్లె పూజ జరిగేచోట, ఇయాన్సా అమ్మ దగ్గర అన్నాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లు తమ పిడుగుల తల్లి ఇయాన్సాని ఈ సాంతా బార్బరా పేరు వెనక దాచుకుని కొలిచారు. రైతుకి ఇద్దరూ ఒకటే. ఫాదరీకి కాదు. తలుపు మూసేశాడు.

ఇక సినిమా అంతా ఆ మెట్ల మీదే. పేపరువాళ్లు వస్తారు, తినుబండారాలు అమ్మేవాళ్లు వస్తారు, పోలీసులు వస్తారు. పొలం పేదలకి పంచుతానని కూడా మొక్కుకున్నాడని తెలిసి కమ్యూనిస్టు అని రాస్తారు. అతని గోల అతనిది. శిలువ లోపల పెట్టాలి, ఇంటికెళ్లాలి. మోకాళ్ల మీద తిరుమల కొండ ఎక్కినవాళ్లున్న ఇల్లు మనది. మొక్కు బాకీ ఉంటే మనిషికి ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? చివర ఏమవుతుందో చెప్పను. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి, పామ్ దోర్, దీనికే ఇచ్చారు. సత్యజిత్ రాయ్ దేవి కూడా ఆ పోటీలోనే ఉంది. బహుమతి వచ్చిందని తప్ప ఈ సినిమా గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

బ్రెజిల్‌దే ఇంకోటి ఉంది, విదాస్ సెకాస్, 1963, కరువు సినిమా. నేను అనంతపురంలో పనిచేసినప్పుడు చూశాను, ఆ ఎండ నాకు కొత్తగా అనిపించలేదు. అందులో పిల్లలకి పేర్లుండవు, కుక్కకి ఉంటుంది. మీ ఫ్రెండ్స్‌లో కుక్కని పెంచుకునేవాళ్లుంటే ముందే హెచ్చరించు.

కొరియా సినిమా పారసైట్ చూశావు కదా. దాని డైరెక్టరుకి దారి చూపిన సినిమాల్లో ఒకటి 1960 నాటి హౌస్‌మెయిడ్. కొరియాలో కిమ్ కీ యంగ్ తీశాడు. సంగీతం మాస్టారు, కొత్తగా కట్టుకున్న మేడ, పనిపిల్ల, ఎలకల మందు సీసా. కథంతా మేడమెట్ల మీద పైకీ కిందకీ నడుస్తుంది. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఇది ఎక్కువ భయం వేస్తుంది. ఒక జాగ్రత్త. నెగటివ్‌లో రెండు రీళ్లు పోతే, చేత్తో రాసిన ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న పాత ప్రింటు నుంచి తీసి, ఆ అక్షరాలు చెరిపి అతికించారు. అందుకని రెండు చోట్ల బొమ్మ మసకబారుతుంది. మా ఆపరేటర్ లాగా నువ్వు లేచి వైఫై చూడకు. కొరియా ఆర్కైవ్ వాళ్లు పాత సినిమాలు చాలా యూట్యూబ్‌లో సబ్‌టైటిల్స్‌తో ఉచితంగా పెట్టారు, అక్కడ వెతుక్కో.

షో పెట్టే సంగతులు. ముందురోజు నువ్వొక్కదానివీ మొదటి పది నిమిషాలు వేసి చూసుకో, సబ్‌టైటిల్స్ మాటకి ముందో వెనకో పడుతుంటే అప్పుడే తెలుస్తుంది. ఆ ఏళ్ల సినిమాలు చాలావాటికి బొమ్మ వెడల్పు తక్కువ, పక్కన నల్లగా ఖాళీ ఉంటుంది. ఖాళీ ఎందుకని లాగి వెడల్పు చేస్తే మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు. అలా వదిలెయ్. ఫోన్లన్నీ వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టించు. టీ సినిమా అయ్యాకే. ముందు నువ్వు చెప్పేది ఒక్క వాక్యం దాటకూడదు. "నీళ్లు మోసేవాళ్ల కథ" అను, చాలు. అయ్యాక కూడా ఎలా ఉందని అడగొద్దు, బాగుందంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ బకెట్ ఒలికినప్పుడు నీకేమనిపించిందని అడుగు.

నచ్చక ఎవరైనా లేచి వెళ్లిపోతే పోనీ, నొచ్చుకోకు. మా వాచ్‌మన్ మాత్రం ఆ తర్వాత ఒక్క షో కూడా మానలేదు.

వచ్చే నెల నాకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్. పది రోజులు ఆగి మీ అమ్మతో కలిసి హైదరాబాద్ వస్తాను. ముందు వరసలో నాకో చేతుల కుర్చీ వేసి ఉంచు. ఆ రోజు మాత్రం కావిడి సినిమాయే పెట్టు, నాకు చదవాల్సిన పని ఉండదు.

ఇట్లు,
పెదనాన్న